ఓచో రియోస్ నుంచి ఒక్కరోజు ప్రయాణాలు

జమైకా ఉత్తర తీరంలోని ఓచో రియోస్‌కు ఉద్యోగాల మీద వచ్చిన మనవాళ్లు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న, సెలవు రోజున పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా ఎక్కడెక్కడికి వెళ్లి రావచ్చని. పటంలో దీవి చిన్నదిగా కనబడుతుంది కాబట్టి, రెండు మూడు చోట్లు ఒకేసారి చూసి వచ్చేయాలని అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. రోజుకు ఒక్క చోటు చాలు. అది కూడా తిరుగు ప్రయాణం ఎలాగో తేల్చుకున్నాకే బయలుదేరండి.

సొంత కారు లేనివారికి ఇక్కడ ఆధారం ఎర్ర నంబరు ప్లేటు ఉండే రూట్ ట్యాక్సీలు. ఇవి మన షేర్ ఆటోల్లాగా ఒక ఊరి స్టాండు నుంచి పక్క ఊరి స్టాండు వరకే నడుస్తాయి, మనుషులు నిండితేనే కదులుతాయి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, జూన్‌లోనైనా ఏడు దాటదు. చీకటి పడ్డాక బండ్లు పలచబడతాయి, ఆదివారాలు పగలు కూడా తక్కువే.

మేము వచ్చిన కొత్తలో తూర్పున వంద కిలోమీటర్లకు పైగా ఉన్న పోర్ట్ ఆంటోనియోకు ఇలాగే మారుతూ మారుతూ వెళ్లాము. అక్కడి రియో గ్రాండే నదిలో వెదురు తెప్ప మీద ఇద్దరిని కూర్చోబెట్టి, ముందు నిలబడిన మనిషి గడ వేస్తూ రెండున్నర మూడు గంటల పాటు తీసుకువెళతాడు. ఒకప్పుడు అరటి గెలలు మోసిన తెప్పలవి. ఆ సంతోషంలో వేళ చూసుకోలేదు. తిరిగి వస్తూ అన్నట్టో బే స్టాండుకు చేరేసరికి చీకటి పడింది, కారు నిండడానికి ఇంకా ముగ్గురు కావాలి. ఆ ఊరి పేరు మన మన్యంలో పండే జాఫ్రా గింజదేనని ఆ రాత్రి ఒక పెద్దావిడ చెప్పింది. నిద్రమత్తులో ఉన్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గంటన్నర నిలబడి, చివరికి కారు మొత్తం మాట్లాడుకుని వచ్చాము. దీన్నే ఇక్కడ ‘చార్టర్’ అంటారు. దూరపు చోటుకైతే పొద్దుననే చార్టర్ మాట్లాడుకోండి. రానూపోనూ, ఆగి ఉండే సమయంతో కలిపి ధర ఎక్కకముందే తేల్చుకోండి.

ఊరి పక్కనే ఉన్న డన్స్ రివర్ జలపాతానికి ఇంత ఏర్పాటు అక్కరలేదు. సుమారు 180 మీటర్ల పొడవున రాతి మెట్ల మీదుగా నది నేరుగా సముద్రంలో కలుస్తుంది, జనం చేయీ చేయీ పట్టుకుని పైకి ఎక్కుతారు. రేవులో పర్యాటకుల ఓడ ఆగిన రోజున కాలు మోపే చోటుండదు కాబట్టి, ఓడల రాక తేదీలు ముందే చూసుకుని, ఓడ లేని రోజున గేటు తెరిచే వేళకు వెళ్లండి. పాచి పట్టిన రాళ్ల మీద జారని చెప్పులు తప్పనిసరి. ఇక్కడ నివాసం ఉన్నవారికి టికెట్ ధర తక్కువ. స్థానిక గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. మే, అక్టోబరు నెలల్లో వానలు ఎక్కువ. పెద్ద వాన మర్నాడు నీళ్లు ఎర్రగా పారుతుంటే ఆ ప్రయాణం మానుకోవడమే మంచిది.

రాజధాని కింగ్‌స్టన్‌కు 2016లో టోల్ రహదారి పూర్తయినప్పటి నుంచి దారి సుఖమైంది. నట్స్‌ఫర్డ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బస్సులో రానూపోనూ సీట్లు ముందే తీసుకోవచ్చు. హాగ్లీ పార్క్ రోడ్డులోని సనాతన ధర్మ మందిరం, 1881లో కట్టిన డెవన్ హౌస్ భవంతి చూడటానికి ఒక పూట సరిపోతుంది. శాకాహారులు రాస్తాఫారీలనే ఇక్కడి మతస్థుల శాకాహార ‘ఐటల్’ భోజనశాలలు వెతుక్కోండి. తోటకూరను పోలిన కలాలూ కూర మన అన్నంలోకి చక్కగా సరిపోతుంది.

చీకట్లోనే చూడవలసింది ఒక్కటుంది: పడమట ఫాల్‌మత్ దగ్గరి వెలుగుల మడుగు. పడవలో వెళ్లి నీళ్లలో చేయి కదిపితే సూక్ష్మజీవుల వల్ల వేళ్ల చుట్టూ నీలి కాంతి పుడుతుంది. వెన్నెల ఉంటే అది వెలవెలబోతుంది కాబట్టి, క్యాలెండరులో అమావాస్య చూసుకుని ఆ దగ్గరి రోజు పెట్టుకోండి. పడవ దిగేసరికి రూట్ ట్యాక్సీలు దొరకవు. వెళ్లిన చార్టర్ బండినే ఆపి ఉంచి, డ్రైవరు ఫోన్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ రాసుకోండి. పోలీసుల నంబరు 119 కూడా.