ఒక్కరోజులో లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసి రాగలమా?

ప్రశ్న: అమ్మా, మాది అనంతపురం. జనవరిలో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు మా అత్తమ్మను తీసుకెళ్లాలనుంది. ఆమెకు పూలంటే ప్రాణం. కానీ మోకాళ్ల నొప్పులు. పొద్దున పోయి రాత్రికి వచ్చేయగలమా? మా మిద్దె మీదికి అక్కడ ఏ మొక్కలు కొనుక్కోవచ్చు? హైడ్రాంజియా పెంచాలని నాకు చాలా ఆశ.
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లిరండి తల్లీ. లాల్‌బాగ్‌లో ఏటా రెండుసార్లు, రిపబ్లిక్ డేకూ ఆగస్టు 15కూ ప్రదర్శన పెడతారు. పెద్దావిడతో వెళ్లడానికి జనవరే మేలు. ఆగస్టులో ముసురు పట్టిందంటే ఆ బురదలో ఆమె నడవలేరు. సెలవు రోజుల్లో మాత్రం వద్దు, క్యూలోనే ఆమె ఓపిక అయిపోతుంది. వారం మధ్యలో, అదీ తొలి రోజుల్లో వెళ్లండి. ప్రదర్శనలో పెట్టే బొమ్మలకు గుచ్చిన పూలు రోజులు గడిచేకొద్దీ వాడిపోతాయి.

దూరం 200 కిలోమీటర్ల పైమాటే కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలి. బెంగళూరు ప్రధాన బస్టాండు ఉన్న మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే నాలుగో స్టేషనే లాల్‌బాగ్.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన ఆ తోట ఇప్పుడు 240 ఎకరాలు. అంతా తిరగాలనుకోకండి. నేరుగా గాజు ఇంటికి వెళ్లండి. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తరహాలో కట్టిన ఆ ఇంటికి 1889లో పునాది వేశారు. ముఖ్యమైన పూల అలంకారం అందులోనే. అది చూశాక అత్తమ్మను నీడలో కూర్చోబెట్టి, మీరు మాత్రం కెంపేగౌడ గోపురమున్న బండ ఎక్కి రండి. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. బండల మధ్య పెరిగిన మన సీమవాళ్లకు అది చూస్తే మరీ ఇష్టమవుతుంది.

ఇక మొక్కల సంగతి. అక్కడ మనసు ఆపుకోవడం కష్టమే, అయినా హైడ్రాంజియా వద్దమ్మా. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊరు 350 కూడా ఉండదు. హైడ్రాంజియాకు చల్లదనం, పుల్లటి మట్టి కావాలి. మన బోరునీళ్లేమో ఉప్పదనం, ఏప్రిల్‌లో మిద్దె మీద కాలు పెట్టలేం. ప్రాణమున్న మొక్కను తెచ్చి ఎండకు మాడ్చడం నాకు బాధగా ఉంటుంది. పెటూనియా, సాల్వియా లాంటివి చలికాలపు పూలు, వేసవిదాకా నిలవవు. రెండు నెలల ముచ్చట చాలనుకుంటేనే కొనండి.

మన ఎండను తట్టుకునేవి కాగితపు పూలు, ఎడారి గులాబి, నూరు వరహాలు. వీటిలో బెంగళూరులో దొరికేన్ని రంగులు మన నర్సరీల్లో నేను చూడలేదు. పూలు విరగబూసిన కుండీ కన్నా గట్టి కాండం, కొత్త చిగురు ఉన్న చిన్న మొక్కను ఎంచుకోండి. నర్సరీవాళ్లు చాలావరకు కొబ్బరి పొట్టులో పెంచుతారు. మన గాలికి అది ఒక్కరోజులో ఎండిపోతుంది. అలాగని ఇంటికి రాగానే కుండీ మార్చకండి. పది రోజులు నీడలో ఉంచి, తర్వాత ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టిలోకి వేరు కదలకుండా దించండి. ఎడారి గులాబికి ఇసుక ఇంకాస్త ఎక్కువ వేయండి. దానికి మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి, లేదంటే దుంప కుళ్లిపోతుంది. ఈ సంగతి అత్తమ్మకు కూడా చెప్పి పెట్టండి. పెద్దవాళ్లు ప్రేమకొద్దీ రోజూ చెంబెడు పోసేస్తారు.