రిబ్బన్ కత్తిరించే రోజుకు ముందే వెళ్ళు

తమ్ముడూ,

ప్రభుత్వ సలహా కమిటీలో మీ వికలాంగుల సంఘానికి చోటు దొరికిందని రాశావు. చాలా సంతోషం. మొదటి మీటింగులో ఏం మాట్లాడాలి అక్కా అని అడిగావు. మాట్లాడటం సంగతి తర్వాత. అక్కడికొచ్చే కాగితం ఏ దశలో ఉందో ముందు కనుక్కో. ఇంకా డ్రాఫ్టేనా, సంతకాలు కూడా అయిపోయాయా? అయిపోతే నిన్ను పిలిచింది ఫొటో కోసమే.

నాకిది నేర్పింది ఒక ర్యాంపు. ఒక ఆఫీసు ముందు కట్టి, ప్రారంభానికి నన్ను పిలిచారు. గుమ్మం నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు లెక్కన ర్యాంపు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు రావాలి. వాళ్ళు కట్టింది రెండు మీటర్లు. ఎక్కుతుంటే వీల్‌చైర్ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఇద్దరు వెనక నుంచి తోస్తే పైకి చేరాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వుతూ ఫొటో దిగాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత ఇంజనీరును నిలదీస్తే, "డ్రాయింగ్ గీసేటప్పుడు మీరెవరూ రాలేదు కదా మేడమ్" అన్నాడు. ఒళ్ళు మండింది. పిలవాల్సింది వాళ్ళే, నిజమే. కానీ మేమూ ఏళ్ళ తరబడి వినతిపత్రాలిచ్చాం, ధర్నాలు చేశాం, డ్రాయింగ్ ఎవరి టేబుల్ మీద ఉందో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అడగడానికి మొహమాటపడకు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 4వ అధికరణం, మూడో క్లాజు కంఠతా పట్టు. చట్టాలు, విధానాలు అమలు చేసేటప్పుడే కాదు, తయారుచేసేటప్పుడు కూడా వికలాంగుల సంఘాలను సంప్రదించాలని, పనిలో కలుపుకోవాలని అందులో ఉంది. అమలు ఎలా ఉందో చూసే పనిలోనూ మనకు చోటుండాలని 33వ అధికరణం చెబుతుంది.

వికలాంగుల కోసం పనిచేసే సంస్థ వేరు, వికలాంగులే నడుపుకునే సంఘం వేరు. ఆ ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో వివరిస్తూ 2018లో ఇచ్చిన ఏడో సాధారణ వ్యాఖ్య ఈ తేడా చెప్పి, రెండోవాళ్ళ మాటకే ముందు చోటిచ్చింది. అలాగని పెద్ద సంస్థలతో తగువు పెట్టుకోకు. వాళ్ళకు మనుషులున్నారు, లెక్కలు చూసేవాళ్ళున్నారు, మనకు అవసరం. నీ బదులు వాళ్ళే మాట్లాడేస్తుంటే మాత్రం మైకు అడిగి తీసుకో. ఆ తప్పు నువ్వూ చెయ్యకు. నీకు చూపు లేదు, నాకు కాళ్ళు లేవు, వినపడనివాళ్ళ ఇబ్బంది మనిద్దరికీ సరిగ్గా తెలియదు. వాళ్ళు వచ్చాక సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ లేకుండా మీటింగు మొదలైతే ఆపించు. టైమ్ లేదంటారు. అయినా సరే.

ఇక నీ సంగతి. కాగితాలు స్కాన్ చేసి బొమ్మలుగా పంపితే, తెర మీది అక్షరాలు చదివి వినిపించే నీ స్క్రీన్ రీడర్ నోరు మెదపదు. టెక్స్ట్ ఫైలు, అదీ మీటింగుకు వారం ముందు కావాలని ఇవాళే ఉత్తరం రాయి.

అధికారి మంచివాడైతే మురిసిపోకు. రేపు బదిలీ అయితే అతనితోపాటు మాట కూడా వెళ్ళిపోతుంది. ఒప్పుకున్నది అక్కడికక్కడే మినిట్స్‌లో ఎక్కించు, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి అన్నది కూడా. బడ్జెట్‌లో ఆ పద్దు కింద డబ్బు పడిందో లేదో మర్చిపోకుండా చూడు.

డ్రాఫ్టు చేతికి రాగానే నాకూ పంపు. రాత్రి ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ అక్క