నామినీ అయినంత మాత్రాన నాన్నగారి షేర్లు సొంతమవుతాయా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారు జీతంలో మిగిల్చిన డబ్బుతో ఏటా డివిడెండ్లు ఇచ్చే కంపెనీల షేర్లు కొని, రిటైరయ్యాక ఆ రాబడితోనే ఇల్లు గడిపారు. రెండేళ్ల క్రితం వీలునామా రాయకుండానే పోయారు. డీమ్యాట్ ఖాతాకు (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) నామినీ అయిన మా అన్నయ్య షేర్లు తన పేరిట మార్పించుకుని, డివిడెండ్లూ తానే తీసుకుంటూ, అవన్నీ తనవేనంటున్నాడు. అమ్మ, నాయనమ్మ ఉన్నారు. ఆడపిల్లనైన నాకు పెళ్లయింది. బీరువాలో పాత కాగితపు షేర్ సర్టిఫికెట్లు కొన్ని దొరికాయి. వాటి డివిడెండ్లు చాలా ఏళ్లుగా ఎవరూ తీసుకోలేదు. ఏం చేయాలి?

జవాబు: మీ అన్నయ్యగారి వాదనకు ఒకప్పుడు కొంత ఆధారం ఉండేది. షేర్ల విషయంలో నామినీయే యజమాని అవుతాడని 2010లో బొంబాయి హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ అభిప్రాయాన్ని అదే హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచి 2016లో తోసిపుచ్చగా, శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు 2023 డిసెంబరు 14న డివిజన్ బెంచి తీర్పునే ఖరారు చేసింది. కంపెనీ ఎవరి పేరిట షేర్లు మార్చాలో తెలియక ఇబ్బంది పడకుండా ఉండేందుకే నామినేషన్ ఉందనీ, అది వారసత్వ చట్టాన్ని పక్కకు నెట్టజాలదనీ ఆ తీర్పు సారాంశం. కాబట్టి షేర్లు ఆయన పేరిట మారడంలో తప్పేమీ లేకపోయినా, వాటిని, మరణానంతరం వచ్చిన డివిడెండ్లను ఆయన నాన్నగారి వారసులందరి తరఫున ఉంచుకున్నట్లే లెక్క.

మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. షేర్లు నాన్నగారి స్వార్జితం గనుక 8వ సెక్షన్ ప్రకారం అమ్మగారు, నాయనమ్మగారు, అన్నయ్య, మీరు నలుగురూ మొదటి తరగతి వారసులు. ఒక్కొక్కరికి నాలుగో వంతు వస్తుంది. ఈ చట్టానికి 2005లో చేసిన సవరణతోనే ఆడపిల్లకు ఇలాంటి హక్కు వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, తండ్రి స్వార్జితంలో ఆమెకు, పెళ్లయినా కాకపోయినా, 1956 నుంచే సమాన వాటా ఉంది. చాలా కుటుంబాలు మరిచిపోయేది నాయనమ్మ వాటానే. ఆమె కూడా వీలునామా లేకుండా పోతే ఆ నాలుగో వంతు ఆమె మిగతా సంతానానికి, అంటే మీ బాబాయిలకు, మేనత్తలకు కూడా చీలుతుంది. అప్పుడు సంతకం చేయవలసినవారూ, అభ్యంతరం చెప్పగలవారూ పెరుగుతారు. అందుకే ఆమె ఉండగానే పంపకం తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ముందుగా అన్నయ్యకు లాయరు ద్వారా నోటీసు పంపి, షేర్ల వివరాలు, వచ్చిన డివిడెండ్ల లెక్క అడగండి. రాజీ కుదిరితే కుటుంబ ఒప్పందం రాసుకోవచ్చు. కుదరకపోతే సివిల్ కోర్టులో పంపకానికి, లెక్కల అప్పగింతకు దావా వేసి, షేర్లు అమ్మకుండా తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరాలి. ఇందులో జాప్యం పనికిరాదు. స్టాక్ ఎక్స్ఛేంజిలో ఒకసారి అమ్ముడైన షేర్లను కొన్నవారి నుంచి తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. ఆపై మీకు మిగిలేది డబ్బు లెక్కే.

కాగితపు సర్టిఫికెట్ల సంగతి వేరు. 2019 ఏప్రిల్ నుంచి లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన) కంపెనీల కాగితపు షేర్ల బదిలీ ఆగిపోయినా, మరణం వల్ల వారసుల పేరిట మార్చడానికి ఆ ఆంక్ష వర్తించదు. వాటికి నామినీ లేకపోతే, షేర్ల విలువను బట్టి కంపెనీ తరఫున షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రారు వారసత్వ ధ్రువపత్రం అడగవచ్చు. నాన్నగారు నివసించిన ప్రాంతపు కోర్టులో దానికి దరఖాస్తు చేసుకోవాలి. అయితే వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే, కంపెనీల చట్టం 124వ సెక్షన్ కింద డివిడెండు సొమ్మే కాదు, షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు (ఐఈపీఎఫ్) వెళతాయి. అంతమాత్రాన హక్కు పోదు. ఐఈపీఎఫ్-5 ఫారంతో తిరిగి కోరవచ్చు. ఒక కంపెనీకి సంబంధించి ఆర్థిక సంవత్సరంలో ఒకే క్లెయిము వేయాలి గనుక, షేర్లూ పాత డివిడెండ్లూ కలిపి, కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాకే దాఖలు చేయండి.