ముందు కౌలెంతో అడుగు, తల్లీ

తల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నైర వ్యవసాయ కాలేజీలో చదువు అయ్యాక బ్యాంకు పరీక్షలు రాస్తావేమో అనుకున్నాను. రైతుల చేత రసాయన ఎరువులు మాన్పించి ప్రకృతి సేద్యంలోకి తెచ్చే పనిలో చేరుతున్నావట. గజపతినగరం వైపు ఊళ్లు ఇచ్చారట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల గట్టు మీద నిలబడి రైతులకు చెప్పేంతదైందని సంతోషం. అదే పనిలో నేను చేసిన తప్పు నీకు ఇంతవరకూ చెప్పలేదే అని గుబులు. అందుకే పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చుని రాస్తున్నాను.

నీకు తెలిసినవి మళ్లీ చెప్పను. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, ఆ లెక్కలన్నీ నాకన్నా నీకే బాగా వచ్చు. డ్రమ్ము నీడలో పెట్టించు. విత్తనశుద్ధికి బీజామృతం పట్టించకుండా విత్తనం వేయనివ్వకు. అటు మెట్ట చేలు ఎక్కువ కాబట్టి తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించు. ఇంతే.

2017 ఖరీఫ్ సంగతి చెప్తాను. అప్పటికి నేను ఎరువులు మానేసి ఏడాది. మా చేను బాగా పండింది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు, సంఘం మీటింగుల్లో నన్నే లేచి చెప్పమనేవారు. సంఘంలో ఎప్పుడూ నా పక్కన కూర్చునే ఆవిడ ఒకరోజు "అప్పా, మేమూ చేస్తాం, నువ్వు దగ్గరుండి చెప్పు" అంది. వాళ్లది రెండెకరాల కౌలు. భూమి యజమానికి ఎకరాకి పది బస్తాల ధాన్యం ఇవ్వాలి, 80 కిలోల బస్తా. కాగితం లేదు, అంతా నోటి మాటే. ఆ వివరాలేవీ నేనప్పుడు అడగలేదు. తర్వాత తెలిశాయి. "సగం సగం చేస్తే ఫలితం తెలీదు, రెండెకరాలూ ఒకేసారి మార్చేయండి" అని చెప్పాను.

ఊడ్పులైన నెల్లాళ్లకి చేను పాలిపోయి పసుపుబారింది. చుట్టూ చేలు నల్లగా నిగనిగలాడుతుంటే మధ్యలో వాళ్ల మడులు జబ్బు మనిషి మొహంలా ఉండేవి. ఒక రాత్రి వాళ్లాయన టార్చిలైటు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మా, ఒక్క బస్తా యూరియా వేసుకుంటాను, ఈ ఒక్కసారికే" అన్నాడు. ఆ బస్తా ఖరీదు మూడు వందల లోపే. తను దున్ని, తను అప్పు తెచ్చి పెట్టిన చేలో ఎరువు వేసుకోడానికి నా అనుమతి అడిగాడు, తల్లీ. నేను ఇవ్వలేదు. "ఇప్పుడు వేస్తే ఇన్నాళ్ల కష్టం మట్టిలో కలిసిపోతుంది, ఇంకో విడత జీవామృతం పోయండి" అన్నాను. తలూపి వెళ్లిపోయాడు. ఎదురు చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నాడనుకున్నాను.

ముందటేడు ఎకరాకి 24 బస్తాలు అయిన చేలో ఆ ఏడు 13 అయ్యాయి. కౌలు కొలిచి ఇచ్చాక రెండెకరాల మీదా వాళ్లకి మిగిలినవి ఆరు బస్తాలు. నేను కల్లానికి వెళ్లేసరికి ఆవిడ వంగి చీపురుతో నేల ఊడుస్తోంది. మట్టితో కలిసిన గింజలు కూడా చేటలోకి ఎత్తి చెరుగుతోంది. నన్ను చూసి "రా అప్పా" అంది. ఇంకేమీ అనలేదు. ఒక్క మాట తిట్టినా నాకు తేలికయ్యేది. సంక్రాంతి వెళ్లగానే ఆయన చెన్నై తాపీ పనికి పోయాడు. భూమి ఇంకొకరికి కౌలుకిచ్చారు. ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఎక్కడ తప్పానో తెలుసుకోడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఎరువు మానేయకముందే మా చేలో మూడేళ్ల పాటు బళ్లకొద్దీ గెత్తం, అదే పశువుల పెంట, పడింది. ఇంట్లో రెండు ఆవులు. వాళ్ల మడుల్లో ఏళ్ల తరబడి యూరియా తప్ప ఏమీ పడలేదు. పశువులు లేవు. పేడా మూత్రమూ మా ఇంటి నుంచే డబ్బాలతో మోసుకెళ్లేవారు. జీవామృతం అంటే తోడు. పాలుంటేనే తోడు వేస్తే పెరుగవుతుంది. నేలలో గెత్తం, జీలుగ లాంటి పచ్చిరొట్ట, ఆకూ అలమూ ఏమీ లేకుండా డ్రమ్ములు డ్రమ్ములు పోయించాను. ఖాళీ గిన్నెలో తోడు వేయించాను.

అందుకే చెప్తున్నాను. ఏ రైతు దగ్గరికి వెళ్లినా డ్రమ్ము సంగతి ఎత్తకముందు భూమి ఎవరిదో అడుగు. కౌలెంత, ధాన్యమా డబ్బా, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు, పశువులున్నాయా, కిందటేడు ఎన్ని బస్తాలయ్యాయి. ఒక్కరోజులో చెప్పరు. టీ తాగి రా, మళ్లీ వెళ్లు. 2019 కౌలు రైతుల చట్టం ప్రకారం కౌలు కార్డు వచ్చినా అది 11 నెలలకే. సేంద్రియ సర్టిఫికెట్టుకి మామూలుగా వరి, నువ్వు లాంటి వాటికైతే విత్తే ముందు రెండేళ్లు, మామిడి తోటకైతే కోతకి ముందు మూడేళ్లు ఆగాలి. నేల బాగుపడే వేళకి ఆ భూమి ఎవరి చేతిలో ఉంటుందో తెలియని వాడితో నువ్వు మాట్లాడుతున్నావు. వీలైతే భూమి యజమానిని కూడా కూర్చోబెట్టి, కనీసం మూడేళ్లు కదపనని పెద్దల ముందు మాట తీసుకో.

మొదటి ఏడాది అరెకరమే చేయించు. మిగతా చేలో యూరియా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రమ్మను. రైతులే ఒకరికొకరు పూచీగా ఉండి సేంద్రియ సర్టిఫికెట్టు తెచ్చుకునే పీజీఎస్ గ్రూపుకి కనీసం ఐదుగురు కావాలని తెలుసు, పైవాళ్లు లెక్కలు అడుగుతారనీ తెలుసు. ఆ ఐదో పేరు కోసం మనసు లేనివాణ్ణి లాగావో, నేనే అక్కడికి వచ్చి నీ చెవి మెలిపెడతాను. చిన్నప్పుడు గెడ్డ దాటొద్దంటే దాటి, జ్వరం తెచ్చుకుని నా ఒళ్లో పడుకున్న మొండిదానివి నువ్వు. ఆ మొండితనం నీ మీద చూపించుకో, రైతు మీద వద్దు.

చేను పసుపుబారినప్పుడు తప్పకుండా వెళ్లు. బాగున్నప్పుడు ఫొటోలు తీయడానికి అందరూ వస్తారు. ఆ నెల్లాళ్లు వారానికి రెండుసార్లు వెళ్లి గట్టు మీద కూర్చో. ఎవరైనా రాత్రిపూట ఒక్క బస్తా వేసుకుంటానని అడిగితే వేసుకోమను, ఎంత వేయాలో కూడా నువ్వే చెప్పు. వేశాడని సంఘంలో పదిమందిలో అనకు.

చీకటి పడితే బండి నడపకు. నీళ్ల సీసా, ఏదైనా తినడానికి దగ్గర పెట్టుకో. మీ అమ్మ అడిగిందని అబద్ధం చెప్పి నేను ఫోన్ చేస్తుంటాను, ఎత్తు.

ఇంకొక్కటి. ఆ కౌలు చేసిన ఆవిడ పుట్టిల్లు కూడా గజపతినగరం మండలమే. నీకిచ్చిన ఊళ్లలో అది ఉందో లేదో నాకు రాయి. ఉంటే, వెళ్లినప్పుడు సేద్యం మాట ఎత్తకు. నా మేనకోడలినని చెప్పు, చెప్పి ఆగు. లోపలికి రమ్మంటే వెళ్లు. వాళ్లాయన తిరిగి వచ్చాడో లేదో, పిల్లలు చదువుకుంటున్నారో లేదో కనుక్కో. కిందటి పంటలో నేను దాచిన నువ్వుల విత్తనం మూట కట్టి పంపుతున్నాను, సగం నీకు, సగం ఆవిడకి. తీసుకుంటే తీసుకుంటుంది.

నీ అత్త