సముద్రం లెక్క ఎంత తప్పుతుందో చెప్పే చదువు

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. సొంత బోటు ఉంది, వేటే జీవనం. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి ఏడాది చదువుతోంది. తీరం దగ్గర నీటి ప్రవాహాల మీద, అందులోనూ ‘అంచనా ఎంతవరకు తప్పొచ్చో లెక్కగట్టడం’ మీద పైచదువు చదువుతానంటోంది. తెలియదని చెప్పడానికి కూడా ఉద్యోగం ఉంటుందా? ఆడపిల్లని నెలల తరబడి ఓడల మీద పంపాలా? సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటే వినడం లేదు.

జవాబు: అన్నగారూ, మీకు బాగా తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. తెల్లవారుజామున ఒక బోటు ఇంజన్ ఆగిపోయింది. ఫోన్ కలవడం లేదు. ఒడ్డున ఉన్నవాళ్లకి తెలిసేసరికి ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోయాయి. ఇప్పుడు కోస్ట్‌గార్డ్ ఎక్కడ వెతకాలి?

నీరు ఎటు, ఎంత వేగంగా లాగుతోందో కంప్యూటర్ మోడల్, అంటే సముద్రం కదలికల్ని లెక్కగట్టే ప్రోగ్రామ్, చెబుతుంది. కానీ ఆ వేగంలో సెకనుకు 10 సెంటీమీటర్ల తేడా ఉందనుకోండి, అంటే జానెడు కూడా కాదు. ఆ తేడా అలాగే కొనసాగితే 24 గంటలకి 8.6 కిలోమీటర్లు అవుతుంది. ఎటువైపు తప్పిందో తెలియదు కాబట్టి చుట్టూ గీత గీస్తే 230 చదరపు కిలోమీటర్ల పైన నీళ్లు. ‘బోటు ఇక్కడుంది’ అని ఒక్క చుక్క పెట్టి చూపిస్తే వెతికేవాళ్లు దారి తప్పుతారు. ‘ఎక్కువగా ఇక్కడ, కొంచెం అక్కడ’ అని చూపిస్తే మనిషి దొరికే ఆశ ఉంటుంది. మీ అమ్మాయి చదువుతానంటున్నది దీన్నే. తెలియదని చేతులెత్తేసే పని కాదు. ఎంత తెలియదో కొలిచి చెప్పే పని. ఇంత అవసరమైన చదువులు నాకు తెలిసి చాలా కొద్ది.

ఈ పని ఇప్పటికే మన దగ్గర జరుగుతోంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. చేపలు ఎక్కడ దొరకొచ్చో మీకు సమాచారం వచ్చేది అక్కడి నుంచే. వాళ్లు 2016లో ‘సరాట్’ అనే సాధనం తెచ్చారు. తప్పిపోయింది బోటా, లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషా అని 60కి పైగా రకాల్లోంచి ఎంచుకుని, చివరిసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో చెప్పాలి. ఆ చోటూ ఆ టైమూ కచ్చితంగా తెలియవన్న లెక్కతోనే అది పనిచేస్తుంది. కొంచెం కొంచెం తేడాలతో చాలాసార్లు లెక్కవేసి, మ్యాప్ మీద ఏ భాగంలో దొరికే అవకాశం ఎక్కువో చూపిస్తుంది.

అలా చాలాసార్లు లెక్కవేయడమే ఈ చదువుకి గుండెకాయ. గాలి లెక్క కొంచెం మార్చి ఒకసారి, నీటి వేడి కొంచెం మార్చి మరోసారి, అదే మోడల్‌ని పదే పదే నడుపుతారు. అన్ని జవాబులూ ఒకే దగ్గర చేరితే ధైర్యంగా చెప్పొచ్చు. చెల్లాచెదురైతే జాగ్రత్తగా ఉండాలి. ఆ తర్వాత అసలు పరీక్ష ఉంది. ‘ఈ గీత లోపల ఉండే అవకాశం నూటికి 70’ అని వంద సందర్భాల్లో చెప్పి ఉంటే, వాటిలో 70 దాకా నిజంగానే గీత లోపల ఉండాలి. 95 ఉన్నాయంటే గీత అనవసరంగా పెద్దది గీశారన్నమాట, డీజిల్, టైము రెండూ దండగ. 40 ఉంటే అతి నమ్మకం, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

మన తీరంలో ఇది మరీ కష్టం. ఒడ్డు వెంట పోయే పెద్ద ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యంగా పోతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నైరుతిగా తిరుగుతుంది. మధ్యలో సుడులు, గోదావరి, కృష్ణా నీళ్లు, తుపాన్లు. కొలవడానికి మచిలీపట్నంలో, యానాంలో ఒడ్డు మీద రాడార్లు పెట్టారు. అలలకి తగిలి వెనక్కొచ్చే రేడియో తరంగాల్ని బట్టి పైనీటి వేగం తెలుస్తుంది. ఒక్క రాడార్‌కైతే నీరు తన వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదొక్కటే తెలుస్తుంది. అడ్డంగా పోయేది కనపడదు. అందుకే రెండు కావాలి. రెండు చూపులూ దాదాపు ఒకే గీత మీద పడే చోట్ల, అంటే ఆ రెండిటినీ కలిపే గీత దగ్గరా, రాడార్లకి బాగా దూరంలోనూ, కొలతలో తప్పు పెరుగుతుంది. చూశారా, కొలిచినదాన్ని కూడా ఎంత నమ్మాలో చెప్పేవాళ్లు కావాలి.

ఇక చదువు సంగతి. ఆమె మ్యాథ్స్ ఇక్కడ చక్కగా సరిపోతుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి సముద్రశాస్త్రంలో 1950ల నుంచి పేరుంది. దానికి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కొచ్చిలో కుసాట్ అనే యూనివర్సిటీ ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భువనేశ్వర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో సముద్రశాస్త్ర విభాగాలు ఉన్నాయి. ఎవరికి ఏ డిగ్రీ అర్హతో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఆ తర్వాత ఎంటెక్, పీహెచ్‌డీల కోసం గేట్ పరీక్షలో ఎక్స్‌ఈ అనే పేపర్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాల భాగం రాయొచ్చు, లేదా సీఎస్‌ఐఆర్ నెట్ రాయొచ్చు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. కాలేజీలో చెప్పినా చెప్పకపోయినా సంభావ్యత, పైథాన్ ప్రోగ్రామింగ్, లైనక్స్ కంప్యూటర్ సిస్టమ్ ఇప్పటి నుంచే నేర్చుకోమనండి.

ఒక కష్టం కూడా చెప్పాలి. ఈ రంగంలో పర్మినెంట్ పోస్టులు తక్కువ. చాలామంది మొదట ప్రాజెక్ట్ ఉద్యోగాల్లో చేరతారు, అవి కాంట్రాక్టే. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి, తెలివైనవాడు, ప్రాజెక్ట్ అయిపోయి మళ్లీ పని దొరికేదాకా ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ టెన్షన్ తట్టుకోవాలి. కాబట్టి ఎమ్మెస్సీతో ఆగితే అవకాశాలు సన్నగిల్లుతాయని, ఎంటెక్ గానీ పీహెచ్‌డీ గానీ దాకా వెళ్లాల్సి ఉంటుందని ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. ఇన్‌కాయిస్ కాక ఎన్‌ఐఓ అనే జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే. పోర్టులు, సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే కంపెనీలకీ ఈ లెక్కలు కావాలి. ఏదీ కుదరకపోతే సంభావ్యత, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లని మీరు చెబుతున్న సాఫ్ట్‌వేర్ రంగమే తీసుకుంటుంది. ఆ తలుపు మూసుకుపోదు.

ఓడల గురించి దిగులు వద్దు. మోడల్ పని చేసేవాళ్లు ఎక్కువగా కంప్యూటర్ ముందే ఉంటారు, హైదరాబాద్‌కి సముద్రమే లేదు కదా. ఆడపిల్లలు పరిశోధన ఓడల మీద కూడా వెళ్తున్నారు. తను వెళ్తానంటే మాత్రం ఆపకండి.

చివరిగా మీరే చేయాల్సిన పని ఒకటి. కొట్టుకుపోయే వల వేసినప్పుడు జీపీఎస్‌లో ఆ చోటు, టైము రాసుకోండి. తీసేటప్పుడు మళ్లీ రాయండి. గాలి ఎటు ఉందో, వల ఎన్ని బారల లోతులో ఉందో కూడా రాయండి. ఒక నెలపాటు ఆ కాగితాలు అమ్మాయికివ్వండి. ఆ రోజు ఇన్‌కాయిస్ చెప్పిన ప్రవాహంతో పోల్చి, ఎటు ఎంత తేడా వచ్చిందో గ్రాఫ్ గీయమనండి. వల లోతులో ఉంటుంది, మోడల్ చెప్పింది పైనీటికి కావచ్చు, అందుకని కొంత తేడా రోజూ ఒకే వైపు కనిపించొచ్చు. అది ఎందుకొచ్చిందో ఆమె మీకు, మీరు ఆమెకి చెప్పుకోండి. ఆ గ్రాఫ్ తీసుకుని ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకి వెళ్లమనండి.