రెండు నిమిషాలు ఆపినందుకు నో పార్కింగ్ చలాన్ వస్తే, కట్టేముందు ఆ ఫోటో చూడండి

అమ్మానాన్నలను ఆసుపత్రి గేటు దగ్గర దింపడానికి కారు రెండు నిమిషాలు ఆపితే నో పార్కింగ్ చలాన్ వచ్చిందని, కట్టేయాలా లేక అడిగితే ఏమైనా ఫలితం ఉంటుందా అని ఒకరు అడిగారు. అడగండి. నేను అడిగాను, నా చలాన్ తీసేశారు. అందరికీ తీసేస్తారని మాత్రం చెప్పలేను, అదంతా మీ చలాన్‌తో వచ్చిన ఫోటోలో ఏముందో దాని మీదే ఉంటుంది.

మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి మూడు వారాలు. చెకప్‌కి తీసుకెళ్తే సెల్లార్ నిండిపోయిందని వాచ్‌మన్ కారు లోపలికి రానివ్వలేదు, వెనక సందులో పెట్టుకోమన్నాడు, అక్కడి నుంచి వాకర్‌తో అమ్మ నడిచి రాలేదు. సరే అని గేటు పక్కన రోడ్డు అంచుకి ఆపాను. ఇంజిన్ ఆపలేదు, నేను సీట్లోంచి దిగలేదు, చెల్లి దిగి అమ్మని పట్టుకుని దింపింది. నాలుగు రోజుల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

మా బావ "ఎందుకొచ్చిన గొడవ, కట్టేయ్" అన్నాడు. నిజానికి డబ్బు పెద్దదేం కాదు. కానీ అమ్మ "నా వల్లే కదరా ఫైన్ పడింది, ఈసారి నుంచి ఆటోలో వెళ్తాలే" అంది. ఆ మాట విన్నాక నాకు కట్టబుద్ధి కాలేదు.

ముందు ఒక జాగ్రత్త. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకండి. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) పంపి ఖాతాలు ఖాళీ చేసేవాళ్లు ఉన్నారు. మీ రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ సైట్‌కో, కేంద్ర ప్రభుత్వ పరివాహన్ సైట్‌కో మీరే వెళ్లి బండి నంబర్ కొట్టి చూడండి.

నేను అలాగే తెరిచి ఫోటో పెద్దది చేసి చూశాను. వెనక నుంచి తీసిన ఫోటో. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి, అంటే నా కాలు బ్రేక్ మీదే ఉంది. ఎడమ వైపు వెనక డోర్ తెరిచి ఉంది, దాని కింద నుంచి వాకర్ కాళ్లు రెండు, చివర ఉండే రబ్బరు బుడిపెలతో సహా కనపడుతున్నాయి. పైగా ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. ఒక్క ఫోటో చూసి బండి ఎంతసేపు ఆగిందో ఎవరూ చెప్పలేరు కదా. అదే ఐదు నిమిషాల తేడాతో రెండు ఫోటోలు ఉండి, డ్రైవర్ సీటు ఖాళీగా కనపడి ఉంటే నేను మారు మాట్లాడకుండా కట్టేసేవాణ్ణి.

తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లి బోర్డు చూసొచ్చాను. ఈ పని మీరు తప్పకుండా చేయండి, చాలామంది ఇది వదిలేస్తారు. నీలం రంగు గుండ్రటి బోర్డు మీద ఎర్ర గీత ఒక్కటే అడ్డంగా ఉంటే నో పార్కింగ్. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అక్కడ అసలు ఆపకూడదు, మనిషిని దింపడానికైనా సరే. మీ దగ్గర ఉన్నది రెండోదైతే వాదించకండి, కట్టేయండి. మాకు ఒక్క గీతే ఉంది. దాన్ని గేటుతో కలిపి ఫోటో తీసుకున్నాను.

చట్టం సంగతికి వస్తే, చలాన్ మీద ఏ సెక్షన్ వేశారో చూడండి. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ బండి ఆపడమే నేరం అనదు, ఇతరులకు ప్రమాదమో, అడ్డంకో, అనవసరమైన ఇబ్బందో కలిగేలా నిలపడం నేరం అంటుంది. అంటే మీరు నిజంగా ట్రాఫిక్‌కి అడ్డంగా ఆపి ఉంటే "రెండు నిమిషాలే కదా" అన్న మాట నిలబడదు. అందుకే ఫోటోలో పక్క నుంచి బస్సు, ఆటోలు మామూలుగా వెళ్తున్నాయా చూడండి. ఇంకోటి, 2021లో కేంద్రం తెచ్చిన 167ఏ రూల్ ప్రకారం కెమెరా ఆధారంగా వేసే చలాన్‌లో తప్పు, నంబర్ ప్లేట్ స్పష్టంగా కనపడే ఫోటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ అన్నదీ ఉండాలి, నోటీసు పంపడానికి అప్పట్లో 15 రోజుల గడువు పెట్టారు. వీటిలో ఏది లేకపోయినా అది రాయండి.

నేను సైట్‌లో ఉన్న ఫిర్యాదు పెట్టెలో ఐదు వాక్యాలే రాశాను. పోలీసులను ఏమీ అనలేదు, మా కష్టాలూ ఏకరువు పెట్టలేదు. ఫోటోలో బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి, డోర్ తెరిచి ఉంది, వాకర్ కనపడుతోంది, బోర్డు నో పార్కింగ్ మాత్రమే, నేను పార్క్ చేయలేదు, రోగిని దింపాను. అంతే. ఆ రోజు ఓపీ చీటీ, బోర్డు ఫోటో జత చేశాను. పది రోజులైనా జవాబు రాకపోతే అవే కాగితాలు ప్రింట్ తీసుకుని చలాన్ వేసిన ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్లాను. అక్కడి ఎస్సై ముందు విసుక్కున్నాడు, తర్వాత ఫోటో కంప్యూటర్‌లో తెరిచి వాకర్ కాళ్ల దగ్గర ఆగాడు. "అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు. వారంలో పెండింగ్ లిస్టులోంచి అది పోయింది.

వాళ్లు ఒప్పుకోకపోతే మిగిలేది మేజిస్ట్రేట్ కోర్టు. తప్పు చేయలేదని అక్కడ చెప్పుకునే హక్కు మీకుంది, కానీ ఒకటో రెండో రోజులు సెలవు పెట్టాల్సి రావచ్చు, అది మీరే ఆలోచించుకోండి. లోక్ అదాలత్‌కి వెళ్లమని చాలామంది చెప్తారు, కానీ అది రాజీ కోసం ఉన్న చోటు. ఎంతో కొంత కట్టి ముగించుకుంటారు, దాని తీర్పు మీద అప్పీలు ఉండదు. తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో పెండింగ్ చలాన్ల మీద పెద్ద రాయితీలు ఇచ్చారు, అలాంటిది మళ్లీ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు, ఎందుకంటే రాయితీలో కట్టినా తప్పు ఒప్పుకున్నట్టే. మామూలుగా కట్టినా అంతే, 200వ సెక్షన్ కింద కాంపౌండ్ అయిపోతుంది, అంటే డబ్బు కట్టి కేసు ముగించుకున్నట్టే. కట్టేశాక వాదించడానికి ఇంక కేసే ఉండదు. అందుకే అడగాలనుకుంటే కట్టకముందే అడగండి.

మేమైతే ఇప్పుడు చెకప్‌కి బయల్దేరేముందే రిసెప్షన్‌కి ఫోన్ చేస్తున్నాం. వీల్‌చైర్ గేటు దగ్గరే సిద్ధంగా ఉంటోంది, అమ్మ దిగడానికి నిమిషం కూడా పట్టడం లేదు.