రెజ్లర్లు నటించిన సినిమాల్లో చూడదగ్గవి ఉన్నాయా?

"డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళు సినిమాల్లోకి వచ్చి కండలు చూపించడం తప్ప ఏం చేశారు? ఒక్క మంచి సినిమా ఉంటే చెప్పండి" అని అడిగారు కదా. ఒక్కటేం ఖర్మ, చాలానే ఉన్నాయి. కాకపోతే అవి మీరు వెతికే చోట లేవు.

మాది కార్డుల బ్యాచ్. ఒక్కో రెజ్లర్ ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ర్యాంకు అచ్చేసిన ఆ కార్డులు పట్టుకుని వేసవి సెలవులు మొత్తం ఆడేవాళ్ళం, ఆండ్రే ద జెయింట్ కార్డు చేతిలో ఉన్నవాడు ఎత్తు అడిగాడంటే మిగతావాళ్ళం నోరు మూసుకుని కార్డులు ఇచ్చేయడమే. ఆ పిచ్చితోనే తర్వాత వీళ్ళ సినిమాలన్నీ వెతికి వెతికి చూశాను. ఎక్కువ శాతం చెత్తే, దాచేదేముంది. కానీ అన్నీ చూశాక ఒకటి అర్థమైంది. డబ్ల్యూడబ్ల్యూఈ లాంటి కుస్తీ ముందే అనుకుని ఆడే ఆట కాబట్టి, రింగులో రెజ్లర్ అసలు పని కొట్టడం కాదు, కొట్టించుకోవడం. ఎదుటివాడి దెబ్బకి ఎంత నొప్పి పుట్టిందో ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా తెలిసేలా కింద పడాలి. అది తెలిసిన డైరెక్టర్ చేతిలో పడితే రెజ్లర్ అద్భుతంగా ఉంటాడు. తెలియనివాడు బనియన్ చింపించి, పది మందిని విసిరేయించి పంపేస్తాడు.

దీనికి నేను ఎప్పుడూ చూపించే సినిమా 1988లో వచ్చిన 'దే లివ్'. జాన్ కార్పెంటర్ తీశాడు, హీరో 'రౌడీ' రాడీ పైపర్ అనే రెజ్లర్. రింగులో పైపర్ విలన్‌గానే పేరు తెచ్చుకున్నాడు, మైకు ఇస్తే చాలు జనం చేత తిట్టించుకునేవాడు. ఇందులో పని వెతుక్కుంటూ లాస్ ఏంజిలెస్ వచ్చిన కూలీ. అతనికి దొరికిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే హోర్డింగుల వెనక దాగిన ఆజ్ఞలు, మనుషుల ముఖాల వెనక దాగిన గ్రహాంతరవాసులు కనిపిస్తారు. ఆ అద్దాలు ఒక్కసారి పెట్టుకుని చూడరా అని తోటి కూలీని బతిమాలుతాడు. వాడు పెట్టుకోనంటాడు. అంతే, సందులో కొట్లాట మొదలవుతుంది, ఐదు నిమిషాలు దాటినా ఆగదు! ఆ రెండోవాడు కీత్ డేవిడ్, రెజ్లర్ కాదు, నటుడే, ఇద్దరూ కలిసి వారాల తరబడి రిహార్సల్ చేసి తీశారు.

మా బావకి ఈ సీన్ చూపించాను. మొదటి నిమిషం నవ్వాడు. తర్వాత "ఏంట్రా ఇది, ఇంకా అవ్వలేదా" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత మాట లేదు, ముందుకి వంగి కూర్చున్నాడు. ఎందుకంటే అయిపోయింది అనుకున్న ప్రతిసారీ ఎవడో ఒకడు మోకాళ్ళ మీద లేస్తాడు, మళ్ళీ మొదలు. హీరో మూలుగుతాడు, తూలుతాడు, ఊపిరి అందక గోడ పట్టుకుంటాడు. మన సినిమాల్లో హీరోకి పెదవి చివర ఒక్క రక్తపు చుక్క పెట్టి వదిలేస్తారు చూడండి, దానికి పూర్తిగా ఎదురు. ఇక బ్యాంకులోకి తుపాకీతో వచ్చి బబుల్‌గమ్ గురించి చెప్పే డైలాగు స్క్రిప్టులో లేదు, రెజ్లింగ్ ఇంటర్వ్యూల కోసం రాసి పెట్టుకున్న మాటల్లోంచి పైపర్ తీసి ఇచ్చిందే.

ఆండ్రే సంగతి ఇంకా విచిత్రం. 'ద ప్రిన్సెస్ బ్రైడ్' (1987) చూసినవాళ్ళకి అందులో ఆయన వేసిన ఫెజ్జిక్ పాత్ర అంటే కొండంత బలం. నిజానికి అప్పటికి ఆయనకి వెన్నుకి ఆపరేషన్ అయింది, బరువు ఎత్తే పరిస్థితి లేదు. కిటికీలోంచి దూకిన హీరోయిన్‌ని చేతుల్లో పట్టుకునే సీన్‌లో ఆమెని తీగలతో వేలాడదీశారు. మాట సరిగ్గా అర్థం కాదని దర్శకుడు రాబ్ రైనర్ ఆయన డైలాగులన్నీ టేపులో రికార్డు చేసి ఇచ్చాడట. అయినా ఆ పాత్రలో మనకి గుర్తుండేది బలం కాదు, ఆ నవ్వు.

అమెరికా పక్కన పెట్టి మెక్సికో వెళ్దాం. అక్కడ ఎల్ శాంటో అనే వెండి ముసుగు రెజ్లర్ యాభైకి పైగా సినిమాలు చేశాడు. రక్త పిశాచాలు, పిచ్చి సైంటిస్టులు, మమ్మీలు, ఎవరొచ్చినా ఈయనే దిక్కు. ఆఫీసులో ముసుగే, కారు నడిపేటప్పుడు ముసుగే, అమ్మాయితో డిన్నర్‌కి వెళ్ళినా సూటు వేసుకుని పైన ముసుగే. సినిమాలో ఎవరూ "ఇదేంటండీ" అని అడగరు, అదే నాకు భలే ఇష్టం. మధ్యలో కథ ఆపేసి మొత్తం కుస్తీ పోటీ చూపిస్తారు. బోర్ కొట్టి నేను కొన్ని ముందుకి తిప్పేసిన మాట నిజమే, కానీ దానికీ కారణం ఉంది. 1950ల్లో మెక్సికో సిటీలో టీవీలో కుస్తీ ప్రసారాలు ఆగిపోయాయి, ఇక జనం తమ హీరో పోటీ చూడాలంటే అరేనాకి వెళ్ళాలి, లేదా సినిమాకి. ఆయన 1984లో పోయినప్పుడు ముసుగుతోనే సమాధి చేశారు.

మన దగ్గరా ఇలాగే ఒక రెజ్లర్ సినిమా హీరో అయ్యాడు, పేరు దారా సింగ్. మనలో చాలామందికి దూరదర్శన్ రామాయణంలో హనుమంతుడిగానే తెలుసు గానీ 1960ల్లో ఆయన 'కింగ్ కాంగ్' (1962), 'ఫౌలాద్' (1963), 'హెర్క్యులెస్' (1964) లాంటివి వరసపెట్టి చేశాడు, చందమామ మీదికి వెళ్ళే సినిమా కూడా ఉంది. చిన్న బడ్జెట్, అట్ట కోటలు, పక్కన అప్పుడప్పుడే పైకొస్తున్న ముంతాజ్. నటన గొప్పదని నేను అనను. కానీ ఫైట్ మొదలవగానే మనిషి మారిపోతాడు, ఎదుటివాణ్ని పట్టే పట్టులో దొంగతనం ఉండదు.

'ప్రెడేటర్' (1987) మీరు చూసే ఉంటారు, అందులో పెద్ద మెషిన్ గన్ మోసే జెస్సీ వెంచురా కూడా రెజ్లరే. తర్వాతి రోజుల్లో ఆయన అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి గవర్నర్ అయ్యాడు, ఆ సినిమా హీరో ష్వార్జెనెగర్ కాలిఫోర్నియాకి గవర్నర్ అయ్యాడు. ఒకే అడవిలో ఇద్దరు భావి గవర్నర్లు, ఇంకేం కావాలి!

ఇప్పటివాళ్ళలో అయితే బటిస్టా ఒక్కడే నాకు నిజమైన నటుడనిపిస్తాడు. రాక్ (డ్వేన్ జాన్సన్) పెద్ద స్టార్, కాదనను, కానీ ఏ సినిమాలో చూసినా రాకే కనిపిస్తాడు. బటిస్టాని 'బ్లేడ్ రన్నర్ 2049' మొదటి పది నిమిషాల్లో చూడండి. అంత పెద్ద ముఖం మీద చిన్న కళ్ళద్దాలు, అలసిపోయిన రైతు, లేచి కొట్టడానికి కూడా ఇష్టం లేనట్టు మాట్లాడతాడు.

మీరు మాత్రం 'దే లివ్'తో మొదలుపెట్టండి. డబ్బింగ్‌లో దొరికినా వద్దు, పైపర్ గొంతుతోనే చూడండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఆ ఫైట్ నచ్చకపోతే మిగతా లిస్టు జోలికి వెళ్ళక్కర్లేదు.